ఎవరి కోసం దువా, ఎవరి కోసం ప్రార్థన

దూరదేశపు జైల్లో మగ్గుతున్న మనిషి కోసం ఇక్కడ మనం మోకరిల్లితే అతనికి ఒరిగేదేమిటి? నాస్తికులు ఎకసెక్కంగా అడిగే ప్రశ్న ఇది. ఆమెన్ చెప్పి లేచిన విశ్వాసిని కూడా ఒక్కోసారి ఇదే ప్రశ్న వెంటాడుతుంది. లోకంలో హింస పాలవుతున్న క్రైస్తవుల కోసం ఏటా నవంబర్‌లో సంఘాలు ప్రత్యేకంగా ప్రార్థిస్తాయి. గాజా కోసం, రోహింగ్యాల కోసం మసీదుల్లో దువా జరుగుతుంది. కర్బలా అమరుల్ని తలచుకుని మొహర్రంలో పాతబస్తీ మాతం చేస్తూ గుండెలు బాదుకుంటుంది. వీటిని వేటికవే విడిగా చూడటం మనకు అలవాటు. ఒక్కచోట పెట్టి చూస్తే మరో సంగతి తెలుస్తుంది. పీడన కింద నలుగుతున్నవారిలో మనం ఎవరి పేరు తలుస్తున్నాం, ఎవరిని వదిలేస్తున్నాం, చేతులు దించాక ఏం చేస్తున్నాం అన్నవే ఈ సమీక్షకు విషయాలు. హైదరాబాద్ పాతబస్తీని మధ్యలో పెట్టుకోవడానికి కారణముంది. పీడితుల్ని తలచుకోవడం అక్కడ నాలుగు వందల ఏళ్ల అలవాటు.

ఉప్పుగూడ సమాధులు

పాతబస్తీలో క్రైస్తవుల అతి పాత ఆనవాళ్లలో ఉప్పుగూడ ఆర్మేనియన్ శ్మశానం ఒకటి. గోల్కొండ సుల్తానుల కాలంలో వ్యాపారానికి వచ్చిన ఆర్మేనియన్లు, డచ్చివారు కొందరు అక్కడి మట్టిలో కలిశారు. 17వ శతాబ్దపు సమాధిరాళ్ల మీద ఆర్మేనియన్ లిపి ఇప్పటికీ కనిపిస్తుంది. ఈ వర్తకుల వెనుక ఒక బలవంతపు వలస ఉంది. 1604-05లో ఒట్టొమన్ల మీద యుద్ధం చేస్తున్న పర్షియా పాదుషా షా అబ్బాస్, ఆరస్ నది ఒడ్డునున్న జుల్ఫా పట్టణాన్ని ఖాళీ చేయించి అక్కడి ఆర్మేనియన్లను తన రాజ్యం లోపలికి తరలించాడు. నది దాటుతూ కొందరు, దారిలో కొందరు చనిపోయారు. మిగిలినవారికి ఇస్ఫహాన్ పక్కన న్యూ జుల్ఫా కట్టించి, పట్టు వ్యాపారం చేతికిచ్చాడు. మచిలీపట్నం రేవుకూ గోల్కొండ వజ్రాల బేరానికీ వచ్చినవారు ఆ న్యూ జుల్ఫా వర్తకులే. ఊరు ఖాళీ చేయించిందీ, బతుకు చూపించిందీ ఒకే రాజు. వారిని రానిచ్చి వ్యాపారం చేసుకోనిచ్చింది మరో షియా రాజ్యమైన గోల్కొండ.

ఆ జాతి కష్టాలు అంతటితో ఆగలేదు. 1915లో ఒట్టొమన్ సామ్రాజ్యంలో మొదలైన ఊచకోతలో పది లక్షలకు పైగా ఆర్మేనియన్లు చనిపోయారు. 2023 సెప్టెంబర్‌లో నగోర్నో-కరబాఖ్ నుంచి లక్ష మందికి పైగా ఆర్మేనియన్లు కొద్ది రోజుల్లోనే ఇళ్లు వదిలి వెళ్లిపోయారు. మన నగరంలో వాళ్ల సమాధులున్నా, ఆ వారంలో మన సంఘాల ప్రార్థనల్లో వాళ్ల ఊసు వినిపించింది తక్కువే.

పర్షియా సంగతి ఇంకా చిక్కుముడి. పాతబస్తీ మొహర్రం సంప్రదాయానికీ ఇరానీ చాయ్‌కీ మూలం ఆ దేశమే. నేటి ఇరాన్ పార్లమెంటులో ఆర్మేనియన్ క్రైస్తవులకు రెండు స్థానాలు, అస్సీరియన్, కల్దీయ క్రైస్తవులకు ఒక స్థానం కేటాయించి ఉన్నాయి. వాళ్ల చర్చిల్లో వాళ్ల భాషలో ఆరాధన జరుగుతుంది. అదే, ముస్లిం కుటుంబంలో పుట్టిన పర్షియన్ మనిషి బాప్తిస్మం తీసుకుని ఇంట్లో నలుగురిని కూర్చోబెట్టుకుని వాక్యం చదివితే దేశభద్రత కేసు పడుతుంది. రష్త్ నగరపు పాస్టర్ యూసెఫ్ నదర్‌ఖానీని 2009లో పట్టుకుని, మతం విడిచాడన్న నేరం మీద 2010లో మరణశిక్ష వేశారు. ఎన్నో దేశాల్లో సంఘాలు ప్రార్థించాయి, ప్రభుత్వాలు ఒత్తిడి తెచ్చాయి. 2012 సెప్టెంబర్‌లో ఆ నేరారోపణ కొట్టివేసి వదిలిపెట్టారు. తర్వాత మరో కేసులో మళ్లీ జైలుకు పంపారు. అదే ప్రభుత్వం తలగుడ్డ సరిగా కట్టుకోలేదని పట్టుకున్న మహ్సా అమీనీ అనే ముస్లిం యువతి 2022 సెప్టెంబర్‌లో వాళ్ల కస్టడీలో ఉండగానే ప్రాణం వదిలింది. ఇరాన్ క్రైస్తవుల కోసం ప్రార్థించేవారు ఈ తేడాలన్నీ తెలుసుకుని ప్రార్థించాలి. అక్కడ క్రైస్తవులందరూ దాక్కునే ఉన్నారనడం నిజం కాదు. క్రైస్తవులు మాత్రమే బాధపడుతున్నారనడం అంతకన్నా నిజం కాదు.

మాతం, కునూత్

క్రీస్తు శకం 680లో యజీద్ పాలనకు తల వంచని ఇమామ్ హుసేన్‌ను, ఆయన వెంట ఉన్న కొద్దిమందినీ కర్బలాలో చంపారు. దబీర్‌పురాలోని బీబీకా అలావా నుంచి మొహర్రం పదోనాడు ఏనుగు మీద బయల్దేరే బీబీకా ఆలం, చార్మినార్ మీదుగా చాదర్‌ఘాట్ దాకా సాగుతుంది. ఈ ఊరేగింపును మతాచారంగానే చూసేవాళ్లకు అందులోని రాజకీయం కనపడదు. జాలిమ్ (పీడకుడు) ఎవరో, మజ్లూమ్ (పీడితుడు) ఎవరో ఏటా పేర్లతో సహా చెప్పుకోవడమే దాని సారం. మొహర్రం సంతాప సభలైన మజ్లిస్‌లలో చెప్పే కథనాల్లో హుసేన్ పక్షాన ప్రాణమిచ్చిన వహబ్ అనే యువకుడు పుట్టుకతో క్రైస్తవుడు. తెలంగాణ పల్లెల్లో ఇదే పీర్ల పండుగ. పీర్లను ఎత్తుకునేవారిలో, గుండం చుట్టూ అలాయ్ ఆడేవారిలో హిందువులు, దళితులు ఎందరో. మతం తమది కాకపోయినా, చంపబడ్డవాడి పక్షాన నిలబడటం తెలుగు పల్లెకు కొత్త కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

సున్నీ మసీదుల్లో కష్టకాలంలో చదివే ప్రత్యేక ప్రార్థన కునూత్-ఎ-నాజిలా. దీని పుట్టుకలో ఇప్పటి ప్రార్థనలకు పనికొచ్చే పాఠం ఒకటుంది. మక్కాలో బంధువుల చేతుల్లో బందీలుగా చిక్కుకుపోయిన ముస్లింల విడుదల కోసం ప్రవక్త చేసిన ప్రార్థనలో వలీద్, సలమా, అయ్యాష్ అనే ముగ్గురి పేర్లు విడివిడిగా వినిపిస్తాయని హదీసులు చెబుతాయి. పీడితులందరినీ కాపాడమని గుంపగుత్తగా అడిగి ఊరుకోలేదు. పాతబస్తీలో ఈ సంప్రదాయం సజీవంగా ఉంది. బాబ్రీ మసీదు కూల్చిన రోజైన డిసెంబర్ 6న సైదాబాద్ ఉజాలేషా ఈద్గాలో మహిళలు కునూత్ చదవడానికి గుమికూడటం చాలా ఏళ్లుగా వార్తల్లో వస్తున్నదే.

ముస్లింలు, క్రైస్తవులు కలిసి గుర్తుంచుకోవలసిన మరో సంఘటన ఉంది. మక్కాలో హింస భరించలేక తొలితరం ముస్లింలు కొందరు సముద్రం దాటి అబిసీనియా వెళ్లారు. అక్కడి క్రైస్తవ రాజు నజాషీ వారిని తిరిగి అప్పగించడానికి ఒప్పుకోలేదు. ఆయన చనిపోయిన కబురు వచ్చినప్పుడు ప్రవక్త మదీనాలో ఆయన కోసం జనాజా (అంత్యక్రియల) నమాజు చేశారు. శవం ఎదురుగా లేదు, దేశం వేరు. ఆ నమాజు పరాయి బాధితుడికి తలుపు తీసిన మనిషికి దక్కిన గౌరవం.

పాతబస్తీకి తనదైన గాయమూ ఉంది. 2007 మే 18 శుక్రవారం మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు. ఆ వెంటనే జరిగిన పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు. తర్వాత పాతబస్తీ కుర్రాళ్లను పదుల సంఖ్యలో పట్టుకెళ్లి హింసించారు. వాళ్ల మీద పెట్టిన కేసులు కోర్టుల్లో నిలబడలేదు. మైనారిటీల కమిషన్ పంపిన న్యాయవాది రవిచందర్ ఆ చిత్రహింసల్ని నమోదు చేశారు. ప్రభుత్వం 70 మందికి పరిహారం ప్రకటించింది. దాన్ని 2013లో హైకోర్టు కొట్టేసింది. పేలుడు కేసులో విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ 2018 ఏప్రిల్‌లో కోర్టు నిర్దోషులుగా వదిలింది. పద్నాలుగు ప్రాణాలు పోయిన కేసులో చివరికి దోషి ఎవరో తేలలేదు. ఆ కుర్రాళ్ల తల్లులు దువా చేసే ఉంటారు. వాళ్ల గోడు కాస్తయినా రికార్డుకెక్కింది మాత్రం ఒక హిందూ న్యాయవాది రాసిన నివేదిక వల్ల. దువాకు జవాబు ఏ దారిన వస్తుందో ముందే చెప్పలేం.

సంఘాల ప్రార్థనాంశాలు

క్రైస్తవ ప్రార్థనకు ఆధారాలు తెలిసినవే. బంధకాల్లో ఉన్నవారిని తామూ వారితోపాటు బంధింపబడినట్టే తలచుకొమ్మని హెబ్రీ పత్రిక 13వ అధ్యాయం చెబుతుంది. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయంలో హేరోదు పేతురును చెరసాలలో వేసినప్పుడు సంఘం మరియ ఇంట్లో ప్రార్థిస్తూ ఉంది. విడుదలైన పేతురు వచ్చి తలుపు తడితే, రోదే అనే చిన్నది చెప్పినా లోపలివారు నమ్మలేదు. ప్రార్థించేవారే జవాబును నమ్మలేకపోయారని బైబిల్ దాచకుండా చెప్పింది. అదే అధ్యాయం మొదట్లో యాకోబును కత్తితో చంపారన్న మాటా ఉంది. ఒకరు బయటపడ్డారు, ఒకరు పోయారు. ఎందుకలా అన్నదానికి అక్కడ వివరణ లేదు.

తెలుగు నేల మీద ఈ ప్రార్థనకు మంచి చరిత్ర ఉంది. ఒంగోలు ప్రార్థన కొండ మీద 1854 కొత్త సంవత్సరపు వేకువన మిషనరీలైన జ్యూయెట్ దంపతులు, కొద్దిమంది విశ్వాసులు ప్రార్థించారు. తర్వాత వచ్చిన జాన్ క్లౌ ప్రార్థనతో ఆగలేదు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. వారిలో ఎక్కువమంది మాదిగలు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు పని సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఊరి పెద్దలు పని ఇవ్వబోమని, నీళ్లు తోడుకోనివ్వమని బెదిరించిన రోజులవి. హింస పాలైన క్రైస్తవులు ఎక్కడో పరదేశంలో ఉంటారనుకునేవారు ఈ చరిత్ర ఒకసారి చదవాలి. మన తాత ముత్తాతలే వాళ్లు.

హైదరాబాద్ హెబ్రోను కేంద్రంగా భక్తసింగ్ నడిపిన సహవాసాలు రాత్రి ప్రార్థనల్ని, ఉపవాస ప్రార్థనల్ని తెలుగు క్రైస్తవుల ఇళ్లకు చేర్చాయి. గొలుసు ప్రార్థన అంటే ఇప్పుడు ఏ డినామినేషన్ వారికైనా తెలుసు. ఈ అలవాటుకు ప్రపంచ హింస అనే అంశం బయటినుంచి వచ్చి చేరింది. రొమేనియా కమ్యూనిస్టు జైళ్లలో 14 ఏళ్లు గడిపిన పాస్టర్ రిచర్డ్ వుర్మ్‌బ్రాండ్ 1966లో అమెరికా సెనేట్ ఉపసంఘం ముందు తన ఒంటి మీది గాయాలు చూపించాడు. ఆయన మొదలుపెట్టిన సంస్థ, డచ్చి దేశపు బ్రదర్ ఆండ్రూ మొదలుపెట్టిన ఓపెన్ డోర్స్ ఈ విషయాన్ని సంఘాల ముందు పెట్టాయి. 1996లో మొదలైన, హింసిత సంఘం కోసం అంతర్జాతీయ ప్రార్థన దినం ఏటా నవంబర్‌లో జరుగుతోంది. ఓపెన్ డోర్స్ ఏటా వేసే జాబితాలో ఉత్తర కొరియా దాదాపు ఎప్పుడూ మొదటి స్థానంలోనే ఉంటుంది. భారతదేశం ఇటీవలి ఏళ్లలో పదో స్థానం చుట్టుపక్కల ఉంటోంది. ఈ జాబితాలు ప్రార్థనకు వివరం ఇస్తాయి, అది వాటి మేలు. దేశాలకు ర్యాంకులు వేయడం వల్ల లోపలి తేడాలు మరుగున పడతాయి, అది వాటి లోపం.

ఈ దేశంలోనే చూద్దాం. 2008 ఆగస్టు 23న ఒడిశా కంధమాల్‌లో స్వామి లక్ష్మణానంద సరస్వతి హత్య జరిగింది. ఆ తర్వాత క్రైస్తవుల ఇళ్ల మీద, చర్చిల మీద దాడులు జరిగి యాభై వేల మంది దాకా నిర్వాసితులయ్యారు. చనిపోయినవారు దాదాపు నలభై మంది అని ప్రభుత్వ లెక్క, వందకు చేరువని బాధితుల తరఫు సంఘాల లెక్క. కటక్-భువనేశ్వర్ ఆర్చిబిషప్ రాఫెల్ చీనత్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2016 ఆగస్టు 2న కోర్టు అదనపు పరిహారానికి ఆదేశించింది. పన్నెండు రోజులకే ఆయన కన్నుమూశారు. కంధమాల్‌లో దెబ్బతిన్నవారిలో పాణ దళితులు, కంధ ఆదివాసులే ఎక్కువ. భూమి తగాదా, రిజర్వేషన్ల తగాదా మతం తగాదాలో కలిసిపోయాయి. 2023 మే 3న మణిపూర్‌లో మొదలైన హింసలో 250 మందికి పైగా చనిపోయారు, అరవై వేల మంది శిబిరాల పాలయ్యారు. వందల చర్చిలు కాలాయి. వాటిలో కుకీల చర్చిలే కాక మైతేయి క్రైస్తవుల చర్చిలూ ఉన్నాయి. గుళ్లూ దెబ్బతిన్నాయి. కథోలిక బిషప్పుల సమాఖ్య 2023 జులై 2ను మణిపూర్ శాంతి కోసం ప్రార్థన దినంగా ప్రకటించింది. హైదరాబాద్ సంఘాలు కూడా ప్రార్థించాయి, ర్యాలీలు తీశాయి. అది మంచి పని. ఒక్క పక్షం పేరే తలిచిన చోట మాత్రం ఆ ప్రార్థన సగంలో ఆగింది.

కులం దగ్గర ఆగిపోయే ప్రార్థన

1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపి కాలవల్లో, పొలాల్లో పడేశారు. ఆ పల్లెల్లో చర్చికి వెళ్లే కుటుంబాలు ఎన్నో. అయినా హింసితుల జాబితాల్లో కారంచేడు, చుండూరు పేర్లు ఉండవు. అది కులహింస, మతహింస కాదని వివరణ. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఎన్ని సంఘాలు ఆ వారం ఉపవాసం ఉన్నాయి?

చట్టం కూడా ఇక్కడే తిరకాసు పెట్టింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. తర్వాత సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ హోదా దక్కింది. క్రైస్తవ, ముస్లిం దళితులకు దక్కలేదు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఇవ్వమంది. కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ 2022లో వేశారు. క్రైస్తవం తీసుకున్నవారు అట్రాసిటీ చట్టం రక్షణ కోరలేరని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో తీర్పు చెప్పింది. దెబ్బ కొట్టేవాడు కులం చూసే కొడతాడు. ఫిర్యాదుకు వెళితే మతం చూసి పంపేస్తారు. దళిత క్రైస్తవ సంఘాలు ఏటా ఆగస్టు 10ని నిరసన దినంగా పాటిస్తున్నాయి. ఆ రోజు ప్రార్థించేవాళ్లు తక్కువ, అందులో అగ్రకులాల నుంచి వచ్చిన క్రైస్తవులు మరీ తక్కువ. ఉత్తర కొరియా కోసం కన్నీళ్లు పెట్టడం తేలిక, పక్క వాడ కోసం పెడితే మన బల్లల దగ్గర కూర్చోబెట్టుకోవాల్సి వస్తుంది.

ఒకే సైన్యం, రెండు జాబితాలు

ఈ సమీక్షలో అన్నిటికన్నా బలమైన ఉదాహరణ పాతబస్తీ దక్షిణపు అంచున ఉంది. బాలాపూర్, పహాడీషరీఫ్ ప్రాంతాల్లో రేకుల గుడిసెల్లో, ఇరుకు గదుల్లో వేల మంది రోహింగ్యాలు తలదాచుకుంటున్నారు. 1982 పౌరసత్వ చట్టంతో మయన్మార్ వారిని సొంత దేశంలోనే పరాయివాళ్లను చేసింది. 2012 హింస తర్వాత హైదరాబాద్‌కు రాక పెరిగింది. 2017 ఆగస్టు తర్వాత ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. పాతబస్తీకి చెందిన కోవా అనే స్వచ్ఛంద సంస్థ ఐక్యరాజ్యసమితి శరణార్థుల విభాగంతో కలిసి వారి మధ్య పనిచేసింది. కూలి పనులకు, చెత్త ఏరడానికి వెళ్లే ఈ కుటుంబాల కోసం పాతబస్తీ మసీదుల్లో దువా జరుగుతుంది, రంజాన్‌లో జకాత్ అందుతుంది.

అదే మయన్మార్ సైన్యం 2021 ఫిబ్రవరి 1న అధికారం పూర్తిగా లాక్కున్నాక క్రైస్తవులు ఎక్కువగా ఉండే చిన్, కచిన్, కయా ప్రాంతాల మీద పడింది. చిన్ రాష్ట్రంలోని థాంట్‌లాంగ్ పట్టణాన్ని తగలబెట్టింది. మంటలు ఆర్పబోయిన బాప్టిస్టు పాస్టరును 2021 సెప్టెంబర్‌లో కాల్చి చంపింది. కచిన్ బాప్టిస్టు నాయకుడు హకలాం సామ్‌సన్‌ను జైల్లో వేసింది. మిచీనాలో కాల్పులు ఆపమని పోలీసుల ముందు మోకరిల్లిన సిస్టర్ ఆన్ రోజ్ నూ తాంగ్ ఫొటోను ప్రపంచమంతా చూసింది. ముప్పై వేల మందికి పైగా చిన్ ప్రజలు మిజోరంలో ఆశ్రయం పొందారు. వారి కోసం మన సంఘాల్లో ప్రార్థన జరుగుతుంది.

రోహింగ్యాలు మసీదు జాబితాలో, చిన్ క్రైస్తవులు చర్చి జాబితాలో. చంపుతున్న తుపాకీ ఒకటే. మన చట్టం కూడా ఇద్దరినీ ఒకే తీరున వదిలేసింది. 2019 పౌరసత్వ సవరణ చట్టం పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్ క్రైస్తవుల్ని చేర్చింది, మయన్మార్‌ను చేర్చలేదు. కాబట్టి అక్కడి ముస్లింకూ చోటు లేదు, క్రైస్తవుడికీ లేదు. 1951 శరణార్థుల ఒప్పందం మీద భారత్ సంతకం చేయలేదు.

ఈ గొడవ మనకెందుకు అనేవారికి తెలుగువాళ్ల చరిత్రే సమాధానం. రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో లక్షలాది తెలుగు కూలీలు బతికారు. కోరంగి రేవు నుంచి వెళ్లారని అక్కడివారు కోరంగీలు అని పిలిచారు. 1942లో జపాన్ బాంబులకు ఎందరో కాలినడకన అడవులు దాటారు. 1962లో నెవిన్ సైనిక ప్రభుత్వం వచ్చి దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక మూడు లక్షల దాకా భారతీయులు కట్టుబట్టలతో తిరిగొచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంప్ అనే పేట ఆ వలసకు గుర్తు. మన ముందు తరాన్ని వెళ్లగొట్టిన సైన్యమే బాలాపూర్ గుడిసెల్లోని ముసలమ్మల్ని వెళ్లగొట్టింది.

ఫలితం మాటేమిటి

ప్రార్థన నిరంకుశుల్ని దించిన సందర్భాలు ఉన్నాయా? తూర్పు జర్మనీ లైప్‌జిగ్‌లో సెయింట్ నికొలస్ చర్చి సోమవారపు శాంతి ప్రార్థనలు 1982లో చిన్న గుంపుతో మొదలయ్యాయి. 1989 అక్టోబర్ 9న ప్రార్థన ముగించుకుని బయటికి వచ్చినవారితో కలిసి డెబ్బై వేల మంది నడిచారు. తుపాకులు పేలలేదు. నెల తిరిగేసరికి బెర్లిన్ గోడ తెరుచుకుంది. దక్షిణాఫ్రికాలో 1985 జూన్ 16న కొన్ని చర్చిల నాయకులు అన్యాయపు పాలన అంతం కావాలని బహిరంగ ప్రార్థనకు పిలుపునిచ్చారు. చర్చిలోనే చాలామంది ఉలిక్కిపడ్డారు. ప్రభుత్వం పోవాలని దేవుణ్ణి అడగటం మర్యాదేనా అని వాదన. పాలకుల కోసం ప్రార్థించమన్న తిమోతి పత్రిక మాటను అణిగి ఉండమని అర్థం చేసుకున్నవారికి ఆ పిలుపు మింగుడుపడలేదు. ఆ తర్వాత వర్ణవివక్ష పదేళ్లు కూడా నిలవలేదు.

ఈ ఉదాహరణలతో ప్రార్థన పనిచేస్తుందని రుజువు చేయలేం. లైప్‌జిగ్ వెనుక గోర్బచేవ్ ఉన్నాడు, దక్షిణాఫ్రికా వెనుక ఆర్థిక ఆంక్షలున్నాయి. మరోవైపు ఎన్నో ప్రార్థనలకు జవాబు కనిపించలేదు. ఆదివాసుల కోసం పనిచేసిన జెసూట్ ఫాదర్ స్టాన్ స్వామి 84 ఏళ్ల వయసులో, పార్కిన్సన్స్‌తో చేతులు వణుకుతుండగా, 2021 జులై 5న బెయిల్ రాకుండానే కస్టడీలో కన్నుమూశారు. ఆయన మీద పెట్టిన భీమా కోరెగావ్ కేసులోనే హైదరాబాద్ కవి వరవరరావు కూడా జైలు పాలయ్యారు. హేతువాదులు చెప్పేదాన్ని ఇక్కడ ఒప్పుకోవాలి. ప్రార్థన చేశాం కదా అన్న తృప్తితో పిటిషన్ వేయడం, ములాఖత్‌కు వెళ్లడం, బెయిల్‌కు డబ్బు పోగుచేయడం మానేస్తే ఆ ప్రార్థన పీడకుడికే సాయపడుతుంది. లైప్‌జిగ్ చెప్పే సంగతి ఒక్కటే. భయపడ్డ మనుషులు వారం వారం ఒకచోట కూడడానికి ప్రార్థన చోటిచ్చింది. మిగతాది వాళ్ల కాళ్లు చేశాయి.

అబద్ధానికి ఆమెన్

మరో చిక్కు కొత్తది. భారతదేశంలో బౌద్ధ ఉగ్రవాదులు ఇరవై చర్చిలు తగలబెట్టారని, ఒలిసబాంగ్ రాష్ట్రంలో మరో రెండు వందలు తగలబెట్టబోతున్నారని, ప్రార్థించమని ఒక సందేశం ఏళ్ల తరబడి ప్రపంచమంతా తిరిగింది. ఆ పేరుతో మనకు ఏ రాష్ట్రమూ లేదు. అఫ్గానిస్తాన్‌లో 22 మిషనరీ కుటుంబాలకు రేపు మరణశిక్ష అన్న సందేశం కూడా 2009 నుంచి మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. పాతబస్తీ వాట్సాప్ గ్రూపుల్లోనూ వేరే దేశపు పాత ఫొటోలు కొత్త ఊచకోతలుగా తిరుగుతాయి. ఇలాంటివి పంపేవారి మనసు మంచిదే కావచ్చు. కానీ ఒక అబద్ధం బయటపడిన రోజున పది నిజాలు నమ్మకం కోల్పోతాయి. బాధితుడికి మనం చేయగల మొదటి న్యాయం అతని ఊరు, పేరు, కేసు సరిగ్గా చెప్పడం. దానికి మంచి పత్రిక చదవాలి, తెలిసినవారిని అడగాలి, రెండు రోజులు ఆగాలి.

హింసించినవారి మాట

శత్రువుల కోసం ప్రార్థించమన్న కొండమీది ప్రసంగం మాట అందరికీ వచ్చు, పాటించేవారు అరుదు. 1999 జనవరిలో ఒడిశా మనోహర్‌పూర్‌లో గ్రాహం స్టెయిన్స్‌నూ ఇద్దరు చిన్న కొడుకుల్నీ జీపులో ఉండగా సజీవంగా తగలబెట్టి చంపారు. చంపినవారిని క్షమిస్తున్నానని ఆయన భార్య గ్లాడిస్ చెప్పారు. నేరానికి చట్టం విధించే శిక్షను ఆమె ఆపమనలేదు. బారిపదలో కుష్ఠురోగుల మధ్య పని కొనసాగించారు. క్షమ వేరు, న్యాయం వేరు అన్నది ఆమె నడిచి చూపించారు. తెలుగు సంఘాల్లో క్షమ పేరుతో బాధితులకు కేసు వెనక్కి తీసుకోమని సలహా ఇచ్చే పెద్దలు ఆమె ఉదాహరణను సగమే చెబుతారు.

పాతబస్తీ ఇంకో దారినీ చూపింది. 1990 డిసెంబర్ అల్లర్లలో వందకు పైగా ప్రాణాలు పోయాక, హైదరాబాద్‌లోని క్రైస్తవ సంస్థ హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ పాతబస్తీలో హిందూ, ముస్లిం కుటుంబాలు కలిసి ఉండే చోట అమన్ శాంతి పేరుతో కేంద్రాలు నడిపింది. చదువు, కుట్టుపని, వైద్యం అక్కడి పనులు. ఆ సంస్థ ఇస్లాంను చదువుకోవడానికి 1930లో లాహోర్‌లో పుట్టింది, 1971లో ఇక్కడికి వచ్చింది. అల్లర్లలో క్రైస్తవులు ఏ పక్షమూ కాదు. అయినా మధ్యలోకి వెళ్లారు. మధ్యవర్తిత్వ ప్రార్థన అని మనం చెప్పుకునేదానికి నేల మీద ఇదొక రూపం.

తేలినదేమిటి

ఇంత చూశాక ఒక తీర్పు చెప్పవచ్చు. పీడితుల కోసం ప్రార్థించే వనరులకు మనకు కొదవ లేదు. మాతం ఉంది, కునూత్ ఉంది, ఉపవాస ప్రార్థన ఉంది. కొదవ ఉన్నది వాటి మధ్య మాటలకే. ప్రతి సమూహం తనవారి పేర్లే తలుస్తోంది, ఎదుటివాడి పేరు వచ్చేసరికి ఆమెన్, ఆమీన్ రెండూ ఆగిపోతున్నాయి. నజాషీ ముస్లింల కోసం తలుపు తీసినప్పుడు వారి మతం అడ్డు రాలేదు. పీర్లెత్తుకునే తెలంగాణ రైతు హుసేన్ మతం అడగడు. ఆ పాత దారి మన కాళ్లకు ఇంకా తెలుసు.

సంఘకాపరులకు, ఇమాములకు, ఇంట్లో ప్రార్థించే పెద్దలకు మనవి ఇదే. వచ్చే ఆదివారం ప్రార్థనాంశాల్లో చిన్ క్రైస్తవుల కింద రోహింగ్యాల పేరు రాయండి. వచ్చే శుక్రవారం దువాలో గాజాతోపాటు కంధమాల్, మణిపూర్ పేర్లు తలవండి. ఆగస్టు 6న చుండూరును తలచుకోండి. సందేశం ముందుకు పంపేముందు నిజమో కాదో కనుక్కోండి. ఏడాదికి ఒక్కసారయినా మీ ఊరి జైలుకో, శరణార్థుల గుడిసెలకో వెళ్లి, ఎవరి కోసం ప్రార్థిస్తున్నారో ఆ మనిషి పేరు అతని నోటే వినండి. అంతా అయ్యాక చేయాల్సిన పని ఏదో మీకే తెలుస్తుంది. తెలిశాక చేయకుండా ఉండవద్దు.